నర్మదా పరిక్రమకు అనువైన కాలము

నర్మదా నదికి కాలినడకన ప్రదక్షిణము చేయుటను నర్మదా పరిక్రమ అంటారు. ఒక నది మొత్తానికి, ఉద్గమ స్థానము నుండి సముద్ర సంగమము వరకు రెండు తీరముల వెంట ప్రదక్షిణము చేసే ఆచారము భారతదేశములో నర్మదకే ప్రసిద్ధముగా ఉన్నది. నది పొడవు 1,312 కి.మీ. కనుక రెండు తీరములు కలిపి నడక కనీసము 2,600 కి.మీ. ఉంటుంది. జలాశయాల చుట్టూ తిరిగి వెళ్ళవలసిన దూరము దీనికి అదనము. ఇంత సుదీర్ఘమైన యాత్రకు ఏ కాలములో బయలుదేరాలి అన్నది కేవలము సౌకర్యానికి సంబంధించిన విషయము కాదు. యాత్ర పూర్తి కావడమూ, ఒక్కొక్కసారి ప్రాణాలూ కూడా దీనిపై ఆధారపడి ఉంటాయి. కార్తీక శుద్ధ ఏకాదశి తరువాత బయలుదేరి చైత్రమాసములోగా ముగించుట అన్ని విధములా అనువైనదని చెప్పవచ్చును. ఇందుకు కారణాలు ఈ వ్యాసములో వివరించబడినవి.

మార్గము

నర్మద మధ్యప్రదేశ్ లోని అమరకంటక్ వద్ద, సముద్ర మట్టానికి 1,000 మీటర్లకు పైగా ఎత్తున పుట్టి, పడమరగా ప్రవహించి, మహారాష్ట్ర సరిహద్దును తాకుతూ గుజరాత్ లో భరూచ్ దాటిన తరువాత ఖంభాత్ సింధుశాఖలో కలుస్తుంది. ఉత్తరాన వింధ్య పర్వతాలు, దక్షిణాన సాత్పురా పర్వతాలు ఉన్నాయి.

పరిక్రమలో నది ఎల్లప్పుడూ కుడివైపు ఉండవలెను. అందువలన దక్షిణ తీరములో పడమటి దిక్కుకు, ఉత్తర తీరములో తూర్పు దిక్కుకు నడుస్తారు. సంగమము వద్ద దక్షిణ తీరములోని విమలేశ్వర్ నుండి ఉత్తర తీరములోని మీఠీ తలాయ్ వరకు పడవపై వెళ్ళుట సంప్రదాయము. మధ్యలో ఎక్కడా నర్మదను దాటరాదు. ఓంకారేశ్వర్, అమరకంటక్ ముఖ్యమైన ప్రారంభ స్థలములు. అయితే తీరములోని ఏ స్థలము నుండి అయినా ప్రారంభించి తిరిగి అక్కడికే చేరవచ్చును.

సాంప్రదాయిక కాలము

పూర్వాచారము ప్రకారము పూర్తి పరిక్రమకు 3 సంవత్సరముల 3 నెలల 13 రోజులు పడుతుందని చెబుతారు. ఈ లెక్కలో చాతుర్మాస్యములు కూడా కలిసి ఉన్నాయి. ఆషాఢ శుద్ధ ఏకాదశి (మన తొలి ఏకాదశి) నుండి కార్తీక శుద్ధ ఏకాదశి వరకు పరిక్రమవాసులు నడక ఆపి, తీరములో ఏదో ఒక ఆశ్రమములోనో గ్రామములోనో నిలిచిపోతారు. కార్తీక ఏకాదశి తరువాత తిరిగి నడక మొదలవుతుంది. నేడు పెక్కుమంది నాలుగు నుండి ఆరు నెలలలో, ఒకే విడతగా యాత్ర పూర్తి చేస్తున్నారు. వారు కూడా సాధారణముగా చాతుర్మాస్యము కాని కాలములోనే నడుస్తారు.

వర్షాకాలము

నర్మదా పరీవాహక ప్రాంతములో ఏడాది వర్షపాతములో సుమారు 90 శాతము వర్షాకాలములోనే కురుస్తుంది. అందులోనూ జులై, ఆగస్టు నెలల వాటా ఎక్కువ. ఎగువనున్న మండ్లా, అమరకంటక్ ప్రాంతాలలో వర్షము అధికము. పడమరకు వచ్చేకొద్దీ తగ్గి, సముద్ర తీరము చేరువలో మళ్ళీ పెరుగుతుంది.

యాత్రికుడు నర్మదను దాటడు, నిజమే. కాని నర్మదలో కలిసే ఉపనదులను దాటక తప్పదు. దక్షిణ తీరములో తవా మొదలైనవి 22, ఉత్తర తీరములో హిరణ్ మొదలైనవి 19, మొత్తము 41 ముఖ్యమైన ఉపనదులు ఉన్నాయి. పేరు లేని వాగులు ఇంకా అనేకము. కొండల నుండి దిగే ఈ వాగులు వర్షము పడిన కొద్ది గంటలలోనే పొంగుతాయి. వంతెనలు లేని రోజులలో ఒక్క వాగు పొంగితే చాలు, యాత్రికుడు రోజుల తరబడి ఒడ్డున నిలిచిపోవలసి వచ్చేది. లోయలో ఎక్కువ భాగము నల్లరేగడి నేల. తడిసిన రేగడిలో అడుగు తీసి అడుగు వేయడమే కష్టము. ఈ విధముగా చూచినప్పుడు చాతుర్మాస్య నియమము భూగోళ పరిస్థితికి ఎంత చక్కగా అమరినదో తెలుస్తుంది. ఇప్పుడు రహదారులపై వంతెనలు ఉన్నప్పటికీ, నది వెంట పోయే కాలిబాటలకు ఈ చిక్కు తొలగిపోలేదు.

వర్షాకాలము చివర కూడా ప్రమాదము ఉంటుంది. 2023 సెప్టెంబరులో భారీ వర్షాలకు సర్దార్ సరోవర్ నుండి పెద్ద ఎత్తున నీరు విడుదల చేయగా, భరూచ్ లోని పల్లపు ప్రాంతాలు మునిగినవి. వానలు తగ్గినవి కదా అని భాద్రపదములోనే బయలుదేరుట మంచిది కాదు.

శీతాకాలము

నవంబరు నుండి ఫిబ్రవరి వరకు ఆకాశము చాలా వరకు నిర్మలముగా ఉంటుంది. వాగులలో ప్రవాహము తగ్గి, త్రాగుటకు నీరు మాత్రము దొరుకుతూ ఉంటుంది. పగటి ఎండ నడకకు అనుకూలముగా ఉంటుంది. పరిక్రమవాసులు అధికముగా నడిచేది ఈ నెలలలోనే. అందువలన తీరము వెంట అన్నము, సదావ్రతము (వండుకొనుటకు ఇచ్చే సరుకులు), రాత్రి బస సులభముగా లభిస్తాయి. మాఘ శుద్ధ సప్తమి నాడు నర్మదా జయంతి. తెలుగువారికి అదే రథసప్తమి. ఆ రోజున తీరమంతా ఉత్సవములు జరుగుతాయి.

ఈ కాలములోనూ కొన్ని ఇబ్బందులు ఉన్నాయి.

• చలి: డిసెంబరు, జనవరి నెలలలో అమరకంటక్, డిండోరీ, మండ్లా ప్రాంతాలలో రాత్రి ఉష్ణోగ్రత కొన్ని రోజులు 5 డిగ్రీల సెల్సియస్ కంటె తక్కువకు పడిపోతుంది. కోస్తా జిల్లాల చలికి అలవాటుపడినవారు మంచి కంబళి తీసుకొనిపోవుట అవసరము.

• పగటి కాలము: సూర్యాస్తమయము తరువాత నడవరాదని పరిక్రమ నియమము. డిసెంబరు చివర పగలు పదకొండు గంటల కంటె తక్కువ. ఉదయపు పొగమంచు, స్నానము, పూజ, భోజనము పోగా నడకకు మిగిలేది ఆరేడు గంటలే. కనుక ఈ నెలలలో రోజుకు 20 కి.మీ. మించి లెక్క వేసుకొనరాదు.

• అకాల వర్షము: జనవరి నుండి మార్చి వరకు మధ్యప్రదేశ్ లో అప్పుడప్పుడు వడగండ్లతో కూడిన వానలు పడతాయి. ఇవి ఒకటి రెండు రోజులలో తగ్గిపోతాయి.

వేసవి

మార్చి మధ్య నుండి ఎండ ముదురుతుంది. ఓంకారేశ్వర్ నుండి బర్వానీ వరకు నదికి ఇరువైపులా విస్తరించిన నిమాడ్ ప్రాంతము మధ్యప్రదేశ్ లో మిక్కిలి వేడి గల ప్రాంతములలో ఒకటి. మే నెలలో అక్కడ ఉష్ణోగ్రత తరచు 42 డిగ్రీలు దాటుతుంది. శూలపాణి కొండలలో నీడ, నీరు రెండూ కరవవుతాయి. పగలు పొడవుగా ఉన్నప్పటికీ, ఉదయము పది గంటల తరువాత సాయంత్రము వరకు నడవడము సాధ్యము కాదు. కనుక వేసవిలో పగలు పెరిగినా ప్రయాణము పెరగదు. అరవై ఏళ్ళు దాటినవారికి, రక్తపోటు, మధుమేహము ఉన్నవారికి వడదెబ్బ ప్రాణాంతకము కాగలదు.

ఆనకట్టల ప్రభావము

పూర్వులు వానను, ఎండను, చలిని మాత్రమే లెక్కలోకి తీసుకొన్నారు. నేటి యాత్రికుడు జలాశయాలను కూడా లెక్కించుకొనవలెను. జబల్‌పూర్ ఎగువన బర్గీ, ఖండ్వా జిల్లాలో ఇందిరా సాగర్, ఓంకారేశ్వర్, గుజరాత్ లో సర్దార్ సరోవర్ ముఖ్యమైనవి. సర్దార్ సరోవర్ ఆనకట్ట 138.68 మీటర్ల పూర్తి ఎత్తుతో 2017 సెప్టెంబరు 17న జాతికి అంకితమైనది. ఈ జలాశయాల వలన పాత తీరపు బాటలు, గ్రామాలు, ఘాట్లు అనేకము మునిగినవి. వర్షాకాలము ముగిసిన వెంటనే జలాశయాలు నిండుగా ఉండుట వలన చుట్టుదారులు ఎక్కువ. వేసవికి నీటిమట్టము తగ్గుతుంది.

నీరు తగ్గిన కాలములో నది అపాయకరము కాదనుకొనుట పొరపాటు. 2005 ఏప్రిల్ 7న, చైత్రారంభానికి ముందు వచ్చే అమావాస్య స్నానానికి దేవాస్ జిల్లాలోని ధారాజీ వద్ద వేలాది భక్తులు చేరియుండగా, ఎగువనున్న ఇందిరా సాగర్ నుండి వచ్చిన నీటితో నది ఒక్కసారిగా పొంగి, పదుల సంఖ్యలో ప్రాణాలు పోయినవి. అప్పుడు వాన లేదు, వరదకాలము కాదు. ఆనకట్టల దిగువన ఏ ఋతువులోనైనా నీరు అకస్మాత్తుగా పెరగవచ్చును. నది నడుమనున్న ఇసుక తిన్నెలపైన, బండలపైన నిద్రించరాదు. స్నానానికి దిగే ముందు స్థానికులను విచారించవలెను.

ప్రారంభ స్థలము, కాలము

ఒకే తేదీన బయలుదేరినా, ఎక్కడ నుండి బయలుదేరినారు అన్న దానిని బట్టి ఏ ప్రాంతానికి ఏ ఋతువులో చేరుతారో మారిపోతుంది. నవంబరు మధ్యలో బయలుదేరి రోజుకు 20 కి.మీ. నడిచినట్లు భావిస్తే లెక్క సుమారుగా ఈ విధముగా ఉంటుంది.

ఓంకారేశ్వర్ నుండి: దక్షిణ తీరములో పడమరగా నడచి శూలపాణి కొండలను నవంబరు చివర, సంగమమును డిసెంబరులో, ఉత్తర తీరపు నిమాడ్ ను డిసెంబరు చివర దాటుతారు. వేడి ప్రాంతము చలికాలములో గడచిపోతుంది. అమరకంటక్ చేరునప్పటికి ఫిబ్రవరి మధ్య భాగము, అంటే తీవ్రమైన చలి తగ్గిన సమయము. విశ్రాంతి రోజులను కలుపుకొని ఏప్రిల్ మొదటి పక్షములో తిరిగి ఓంకారేశ్వర్ చేరుతారు.

అమరకంటక్ నుండి: జనవరి చివరికి సంగమము, మార్చి చివర లేదా ఏప్రిల్ లో తిరిగి అమరకంటక్. ఎండ ముదిరే వేళకు ఎత్తైన, చల్లని ప్రాంతములో ఉంటారు.

భరూచ్ నుండి: ఉత్తర తీరములో తూర్పుగా నడచి, మిక్కిలి చలిగా ఉండే జనవరిలో అమరకంటక్ చేరుతారు. తిరుగు దారిలో నిమాడ్, శూలపాణి కొండలు మార్చిలో ఎదురవుతాయి. కనుక ఋతువుల దృష్ట్యా ఇది తక్కువ అనుకూలము.

సంగమము వద్ద పడవ ప్రయాణము సముద్రపు ఆటుపోటులను బట్టి జరుగుతుంది. ఖంభాత్ సింధుశాఖలో పోటు చాలా ఎక్కువ. పోటు సమయము కొరకు విమలేశ్వర్ లో వేచియుండవలసి రావచ్చును. దీనికి ఒకటి రెండు రోజులు అదనముగా ఉంచుకొనుట మేలు.

ఇటీవలి ఉదాహరణగా, మధ్యప్రదేశ్ మాజీ ముఖ్యమంత్రి దిగ్విజయ్ సింగ్ 2017 సెప్టెంబరు 30న, విజయదశమి నాడు, నర్సింగ్‌పూర్ జిల్లా బర్మాన్ ఘాట్ నుండి బయలుదేరి 2018 ఏప్రిల్ 9న అక్కడే పరిక్రమ ముగించారు. ఇది ఆరు నెలలకు పైగా పట్టినది. నిదానముగా నడచినవారు కూడా ఒకే అనుకూల కాలములో పూర్తి చేయవచ్చునని దీనివలన తెలుస్తుంది.

పంచాంగము - తెలుగు యాత్రికులు

మధ్యప్రదేశ్ లో పూర్ణిమాంత మాసములు, తెలుగు ప్రాంతాలలో అమావాస్యాంత మాసములు వాడుకలో ఉన్నాయి. శుక్లపక్ష తిథులు రెండింటిలోనూ ఒకే మాసము పేరుతో ఉంటాయి. కనుక కార్తీక శుద్ధ ఏకాదశి, మాఘ శుద్ధ సప్తమి విషయములో భేదము లేదు. కృష్ణపక్షములో మాత్రము వారి మాసము పేరు మనకంటె ఒకటి ముందు ఉంటుంది. పైన చెప్పిన ధారాజీ అమావాస్యను వారు చైత్ర అమావాస్య అంటారు. మనకు అది ఉగాదికి ముందు వచ్చే ఫాల్గుణ అమావాస్య. అక్కడివారు చెప్పిన తిథిని మన పంచాంగములో చూసుకొనేవారు ఈ భేదమును గమనించవలెను.

అధిక మాసము వలన కార్తీక ఏకాదశి ఇంగ్లీషు తేదీ మారుతూ ఉంటుంది. 2023లో అది నవంబరు 23న, 2024లో నవంబరు 12న వచ్చినది. 2023లో అధిక శ్రావణము వచ్చుట వలన చాతుర్మాస్యము ఐదు నెలలు సాగినది. ఏకాదశి ఆలస్యముగా వచ్చిన సంవత్సరములో నడకకు లభించే చల్లని రోజులు తగ్గుతాయి. అటువంటి ఏడు విశ్రాంతి రోజులను తగ్గించుకొనుటయో, యాత్రను విడదీసుకొనుటయో చేయవలెను.

నర్మదా పుష్కరములు బృహస్పతి వృషభ రాశిలో ప్రవేశించినప్పుడు వస్తాయి. ఇటీవలివి 2024 మే 1 నుండి 12 వరకు జరిగినవి. అప్పుడు తెలుగు భక్తులు ఓంకారేశ్వర్ మొదలైన స్థలములకు అధికముగా వెళ్ళినారు. పుష్కర స్నానానికి ఆ కాలము నియతమైనదే కాని, మే నెల పాదయాత్రకు తగినది కాదు. రెంటినీ కలుపుకొనుటకు ప్రయత్నించరాదు.

ఖండ పరిక్రమ, ఉత్తరవాహిని పరిక్రమ

ఒకేసారి నాలుగైదు నెలలు వెచ్చించలేనివారు విడతలుగా నడచుటను ఖండ పరిక్రమ అంటారు. జబల్‌పూర్ కు చెందిన చిత్రకారుడు, రచయిత అమృత్‌లాల్ వేగడ్ (1928-2018) 1977లో ప్రారంభించి అనేక విడతలుగా నర్మదా తీరమును నడచి, ఆ అనుభవాలను గ్రంథస్థము చేశారు. ఈ పద్ధతిలో ప్రతి భాగాన్నీ దానికి తగిన నెలలో నడవవచ్చును. నిమాడ్, శూలపాణి కొండలకు డిసెంబరు, జనవరి, మండ్లా, అమరకంటక్ లకు నవంబరు లేదా ఫిబ్రవరి, మార్చి అనుకూలము.

గుజరాత్ లోని నర్మదా జిల్లాలో నది కొంత దూరము ఉత్తర దిశగా ప్రవహిస్తుంది. అక్కడ రాంపురా, తిలక్‌వాడాల మధ్య చేసే చిన్న ప్రదక్షిణము ఉత్తరవాహిని పరిక్రమ. ఇది సుమారు 20 కి.మీ., ఒక్క రోజు నడక. చైత్రమాసములో చేస్తారు. ఎండ కారణముగా చాలామంది తెల్లవారకముందే బయలుదేరుతారు.

సంగ్రహముగా

• ఉత్తమము: కార్తీక శుద్ధ ఏకాదశి తరువాత ఓంకారేశ్వర్ లేదా అమరకంటక్ నుండి బయలుదేరి చైత్రములోగా ముగించుట.
• మధ్యమము: విజయదశమికి బయలుదేరుట. వాగులు, నిండిన జలాశయాల వలన మొదటి నెల నిదానముగా సాగుతుంది.
• కష్టము: మాఘము తరువాత బయలుదేరుట. సగము యాత్ర వేసవిలో పడుతుంది.
• వర్జ్యము: ఆషాఢము నుండి ఆశ్వయుజము వరకు. బాటలో ఉన్నవారు కూడా ఈ కాలములో ఒకచోట నిలిచిపోవుటయే సంప్రదాయము, క్షేమము.