ప్రతినాయికకు కారణం కావాలా?

సెల్‌ఫోన్‌లో పిల్లలు ఆడే బాటిల్ రాయల్ ఆటల గురించి మన సాహిత్య చర్చల్లో ప్రస్తావన తక్కువ. ఎప్పుడైనా మాట్లాడుకున్నా హింస గురించో, చదువులు పాడవుతున్నాయన్న బెంగ గురించో మాట్లాడుకుంటాం. ఈ ఆటల వెనక ఒక నవల ఉందనీ, ఆ నవలలో ఒక ప్రతినాయిక ఉందనీ, ఆమె కథను ఎవరు ఎలా చెప్పారన్నది స్త్రీవాద విమర్శ పట్టించుకోవాల్సిన విషయమనీ నాకు అనిపిస్తోంది. సాహిత్య పరిశోధకురాలిగానే కాదు, విలన్ వేషంలో ఈ ఆట ఆడే మనిషిగా కూడా ఇది రాస్తున్నాను.

జపాన్ రచయిత కౌషున్ తకామి 'బాటిల్ రాయల్' నవల 1999లో వెలువడింది. అంతకుముందు హారర్ రచనల పోటీలో చివరి దశ దాకా వెళ్ళి తిరస్కరణకు గురైన నవల అది. ఒక నియంతృత్వ ప్రభుత్వం 42 మంది పదిహేనేళ్ళ విద్యార్థుల్ని ఒక దీవి మీదికి తెచ్చి, ఒక్కరే మిగిలేదాకా ఒకర్నొకరు చంపుకోమంటుంది. మెడలకు పేలిపోయే పట్టీలు. అడుగు పెడితే ప్రాణం పోయే నిషిద్ధ ప్రాంతాలు అంతకంతకూ పెరుగుతుంటాయి. 2000 డిసెంబరులో కింజి ఫుకసాకు దీన్ని సినిమాగా తీశాడు. ఆ సినిమా ప్రేరణతోనే ఐర్లండుకు చెందిన బ్రెండన్ గ్రీన్ 2013లో, అప్పటికే ఉన్న ఒక కంప్యూటర్ ఆటను మార్చి బాటిల్ రాయల్ ఆటగా చేశాడు. 2017లో అది పబ్జీ అయింది. 2018లో ఫోన్‌లోకి వచ్చింది. మన దేశంలో 2020 సెప్టెంబరులో ప్రభుత్వం నిషేధించేనాటికి, తెలుగు ఊళ్ళలో అరుగుల మీద కూర్చున్న కుర్రాళ్ళకి కూడా ఆ పేరు కొత్త కాదు.

నవలలోని పిల్లల్లో చాలామందికి చంపడం ఇష్టం ఉండదు. జంకు లేకుండా చంపేవాళ్ళలో ముఖ్యులు ఇద్దరు: కిరియామా అనే అబ్బాయి, మిత్సుకో సోమా అనే అమ్మాయి. సినిమాలో కిరియామా తనంతట తాను కోరి ఈ ఆటలోకి వచ్చినవాడు. మొత్తం సినిమాలో ఒక్క మాట కూడా మాట్లాడడు. వాడు ఎక్కడివాడు, ఎందుకిలా అయ్యాడు అన్నది దర్శకుడు చెప్పలేదు. చెప్పకపోవడం వల్లే వాడు మరింత భయంకరంగా కనిపిస్తాడు.

కో షిబసాకి నటించిన మిత్సుకో సంగతి వేరు. తకామి నవలలో ఆమెకు గతం ఉంది. చిన్నతనంలోనే లైంగిక హింసకు గురైన పిల్ల, తల్లే అమ్మేసిన పిల్ల. సినిమా తర్వాత 2001లో కొన్ని సన్నివేశాలు అదనంగా కలిపి మరో ప్రతి విడుదల చేశారు. అలా కలిపినవాటిలో మిత్సుకో బాల్యం ఒకటి. తల్లి తెచ్చిన మగవాడి బారి నుంచి తప్పించుకునే పసిపిల్లను అందులో చూస్తాం. కిరియామాకు మాత్రం అలాంటి బాల్యాన్ని చేర్చాలని ఎవరికీ తోచలేదు.

నేను ఆగి ఆలోచించింది ఇక్కడే. మగవాడి క్రౌర్యం దానంతట అదే నిలబడుతుంది. ఆడదాని క్రౌర్యానికి సంజాయిషీ కావాలి. ఆమె ఒకప్పుడు బాధితురాలని రుజువైతే తప్ప మనం ఆమెను భరించలేం. మిత్సుకో గతాన్ని చెప్పడం తప్పని నేననడం లేదు. ఆ గతం ఎంతోమంది ఆడపిల్లల నిజం. కానీ బలాన్ని కోరుకునే స్త్రీ ముందుగా తన గాయాన్ని చూపించి అనుమతి తీసుకోవాలన్న షరతు ఎక్కడిది?

ఇక ఆటల దగ్గరికొస్తే, మగ విలన్‌కి ఇంకా పెద్ద సౌకర్యం దొరికింది. 2018 మే నెలలో 'ఫోర్ట్‌నైట్' అనే బాటిల్ రాయల్ ఆటలో, అప్పుడే విడుదలైన 'అవెంజర్స్: ఇన్ఫినిటీ వార్' సినిమాలోని థానోస్‌ని కొద్ది రోజుల పాటు ప్రవేశపెట్టారు. ఆట అప్పటికే ఐఫోన్‌లోకి వచ్చింది. ఆకాశం నుంచి ఒక చేతికవచం రాలిపడుతుంది. ముందుగా దాన్ని అందుకున్నవాళ్ళే థానోస్ అవుతారు. తుపాకులు పట్టలేరు, గోడలు కట్టలేరు, కానీ ఒక్క గుద్దుతో ఎదుటివాళ్ళను విసిరికొట్టగలరు. మిగిలినవాళ్ళు కలిసి వాళ్ళను పడగొడితే కవచం కింద పడుతుంది, మరొకరు తొడుక్కుంటారు. విలన్ ఇక్కడ ఒక వ్యక్తి కాడు, చేతులు మారే ఒక పదవి.

సినిమాలో ఆ చేతికవచానికి ఒక వెల ఉంది. దానిలో పొదగాల్సిన రాళ్ళలో ఒకదాని కోసం థానోస్ తన పెంపుడు కూతురు గమోరాను కొండ మీది నుంచి తోసి చంపుతాడు. 2018 నాటి ఆ ఆటలో గమోరా లేదు. కూతుర్ని చంపి సంపాదించిన అధికారం, ఆటకొచ్చేసరికి ఆకాశం నుంచి ఊరికే రాలిపడే వస్తువైపోయింది. మిత్సుకోకి గతాన్ని తగిలించిన చేతులు, థానోస్ గతాన్ని తుడిచేశాయి. రెండూ వేర్వేరు దేశాల్లో, వేర్వేరు మనుషులు చేసిన పనులే. అయినా ఆ తేడా నాకు చాలా పరిచితమైనదిగా అనిపించింది.

నేను ఆడే ఆట పేరు ఇక్కడ అనవసరం. మా చెల్లెలి కొడుకు ఫోన్‌లో పెట్టిచ్చాడు. నలుగురు ఒక జట్టు, జట్టులోవాళ్ళు మైక్‌లో మాట్లాడుకుంటారు. నేను కొమ్ములున్న ముసుగు, నల్లటి కవచం ఎంచుకున్నాను. ఆ వేషంలో ఎవరికీ నచ్చాల్సిన పని లేదు. క్లాసులో, సెమినార్లలో, ఇంట్లో గొంతు తగ్గించి, నవ్వు ముఖాన పులుముకుని మాట్లాడే నాకు ఆ ముసుగు ఇచ్చిన విశ్రాంతి మాటల్లో చెప్పలేనిది. తెలియని కుర్రాళ్ళు "అన్నా, వెనకాల చూసుకో", "అన్నా, నువ్వు ముందు పద" అనేవారు. నేను ముందు పదేదాన్ని.

ఒకరోజు శత్రువు ఎటునుంచి వస్తున్నాడో చెప్పడానికి మైక్ తెరిచి నాలుగు మాటలు మాట్లాడాను. క్షణంలో 'అన్న' పోయి 'ఆంటీ' వచ్చింది. వంట అయిందా అన్నారు. ఆ తర్వాత అన్నవి ఇక్కడ రాయలేను. వేషం అదే, ఆట అదే. పక్కనే కూర్చుని చూస్తున్న మావాడు సిగ్గుపడిపోయి, "పెద్దమ్మా, మైక్ ఆపెయ్, ఏమీ అనరు" అన్నాడు. వాడి సలహాలో ప్రేమ ఉంది. నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే.

అప్పుడు కిరియామా మళ్ళీ గుర్తొచ్చాడు. అతని మౌనం అతని బలం. నా మౌనం ఆ వేషానికి నేను కట్టే అద్దె. ప్రతినాయిక విషయంలో మనం అడగాల్సింది ఆమెకు కారణం ఉందా లేదా అన్నది కాదు, మాట ఉందా లేదా అన్నది. ఓల్గా 'విముక్త'లోని 'సమాగమం' కథలో శూర్పణఖను తలుచుకుంటే ఇది స్పష్టమవుతుంది. ఆ కథ ఆమెను జాలిపడాల్సిన బాధితురాలిగా నిలబెట్టి ఊరుకోదు. తాను పెంచుకున్న తోట మధ్య సీతతో సాటి స్త్రీగా మాట్లాడనిస్తుంది. తరతరాల రామాయణాల్లో ముక్కుతో పాటు ఆమె కోల్పోయింది ఆ మాటే.

ఇప్పుడు నేను మైక్ తెరిచే ఆడుతున్నాను. వేషం కూడా మార్చలేదు. కొందరు నా గొంతు వినగానే ఆట వదిలేసి పోతారు. కొందరు వెకిలిగా నవ్వి, కాసేపటికి విసుగు పుట్టి మానేస్తారు. మిగిలినవాళ్ళకి శత్రువు ఎటు ఉన్నాడో చెబుతాను. ఎక్కువసార్లు మాది ఓటమే. ఓడిపోయినప్పుడు కూడా, ఆ కొమ్ముల ముసుగు లోపలి నుంచి వినిపించేది నా గొంతే.