చద్దిమూట నుంచి ఫ్రీజర్ డబ్బా దాకా

ఆదివారం ఒక్కపూట కూర్చుని వారానికి సరిపడా వండి, డబ్బాల్లో సర్ది ఫ్రీజర్లో పెట్టుకునే వాళ్ళని చూసి మనవాళ్ళు రెండు మాటలంటారు. ఒకటి, "ఇది అమెరికా అలవాటు". రెండోది, "మన ఆడవాళ్ళు ఎప్పటికప్పుడు వేడివేడిగా వండిపెట్టేవాళ్ళు". డాలస్ లో ఉన్నా, గచ్చిబౌలిలో ఉన్నా ఈ మాటలు ఊరినుంచి ఫోన్లో వినపడుతూనే ఉంటాయి. వినేది ఎక్కువగా ఆ ఇంటి కోడలే అనుకోండి. మొదటి మాట సగం నిజం. రెండోది మాత్రం మా చిత్తూరు వైపు చరిత్రకి బొత్తిగా అతకదు.

ముందు ఆ సగం నిజం సంగతి చూద్దాం. త్వరగా గడ్డకట్టిస్తే చేప రుచి చెడదని లాబ్రడార్ లో అక్కడివాళ్ళని చూసి నేర్చుకున్నాడు క్లారెన్స్ బర్డ్స్ఐ అనే అమెరికన్. 1930లో మసాచుసెట్స్ లోని స్ప్రింగ్‌ఫీల్డ్ కొట్లలో అలాంటి సరుకు అమ్మకానికొచ్చింది. మన దేశంలో గోద్రెజ్ వాళ్ళు ఫ్రిజ్ తయారుచేసింది 1958లో. అంతకుముందు మద్రాసుకి అమెరికా నుంచి ఓడల్లో మంచుగడ్డలు వచ్చేవి. మెరీనా ఎదురుగా వాటిని దాచిన ఐస్‌హౌస్ ఇప్పటికీ ఉంది, వివేకానందుడి పేరుతో. ఆ మంచు దొరల గ్లాసుల్లోకి పోయిందే కానీ పలమనేరు రైతు ఇంటికి రాలేదు. కాబట్టి యంత్రం బయటిదే, ఒప్పుకుందాం.

మరి ఒకసారి వండి రెండు మూడు పూటలు తినడం ఎక్కడిది?

చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది, కొంత ఉత్తర ఆర్కాటు నుంచీ, మదనపల్లె, వాయల్పాడు వైపు కడప నుంచీ తీసి. (2022లో అదీ మళ్ళీ ముక్కలయింది.) పడమటి తాలూకాలు చాలావరకు మెట్ట. వాన, చెరువు, బావి - ఇవే ఆధారం. ఇలాంటి చోట రాగి ఎందుకు నిలబడిందంటే, పైరుకి నీళ్ళు తక్కువ సరిపోవడం ఒక్కటే కాదు, ఆ గింజ పురుగు పట్టకుండా ఏళ్ళ తరబడి నిలవుంటుంది. సాయంత్రం సంగటి కెలికితే రాత్రికి వేడిగా ఊరిబిండితో, మిగిలిన ముద్ద పొద్దున్నే మజ్జిగలో పిసికి ఉల్లిపాయతో. దీనికి కారణం సోమరితనం కాదు. కట్టెలు తక్కువ, పొద్దున్నే ఆడమనిషి కూడా చేనికి పోవాలి. పొయ్యి రోజుకి ఒకసారే వెలిగించే లెక్క అది. మన భాషలో చెప్పాలంటే అచ్చంగా బ్యాచ్ ప్రాసెసింగ్.

మిగతావీ అంతే. కొత్త చింతపండు వచ్చినప్పుడే గింజ తీసి ఉప్పు కలిపి కుండలకెత్తడం, ఎండల్లో వడియాలు, వరుగులు, మామిడికాయ ఊరగాయ. చలికాలంలో అనపకాయలు వస్తాయి. నానబెట్టి ఒక్కో గింజా పితికి చేసే పితికిన పప్పు పులుసు తినడానికి పది నిమిషాలు, పితకడానికి పూటంతా. కొంత ఎండబెట్టి దాచేవాళ్ళు. ఇప్పుడు అదే పప్పు బెంగుళూరు ఇళ్ళ ఫ్రీజర్లలో ఉంటోంది. ఎండబెట్టినా, ఉప్పులో ఊరేసినా, గడ్డకట్టించినా సూత్రం ఒకటే. సూక్ష్మజీవికి నీళ్ళు అందకుండా చెయ్యడం, లేదా దాన్ని కదలనివ్వకపోవడం. (మైనస్ 18 డిగ్రీల దగ్గర అది చావదు, నిద్రపోతుంది. అందుకే బయటికి తీశాక మళ్ళీ బాగా మరగబెట్టాలి.)

"పెద్దల మాట చద్దిమూట" అన్న సామెత ఊరికే పుట్టలేదు. పోతన భాగవతంలో కృష్ణుడు గోపబాలురతో తిన్నది కూడా చల్దులే. రెండు పూటలా వేడన్నం అనేది కట్టెలూ, వండే మనిషీ రెండూ ఉన్న ఇళ్ళ సంగతి. దాన్ని అందరి సంప్రదాయం అనడం చరిత్ర కాదు.

అలాగని దాచుకున్న కుండే అన్నిటికీ మందు అని కూడా అనను. 1876-78 కరువు కడప, ఉత్తర ఆర్కాటు రెంటినీ కొట్టింది. రేణిగుంట, కడప మీదుగా రాయచూరు దాకా రైలు 1871కే పూర్తయింది. గింజలు లేక కాదు, కొనే డబ్బులేక చచ్చారు. సర్ రిచర్డ్ టెంపుల్ పనుల్లోకి వచ్చిన కూలికి రోజుకి ఒక పౌను గింజలూ, పైన కొద్దిగా చిల్లరా చాలన్నాడు. పౌను అంటే దాదాపు 450 గ్రాములు. అది చాలదని మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ గట్టిగా వాదించాడు. వానలు వరసగా ఎగ్గొట్టి ధర కొండెక్కితే ఏ ఇంటి కుండా ఆపలేదు. ఒక పంటకాలపు తేడాని మాత్రం ఆపగలదు.

1983లో ఎన్టీఆర్ రెండు రూపాయల బియ్యం వచ్చాక మెట్ట ఊళ్ళలోనూ రోజూ వరన్నం అలవాటయింది. అది చిన్న మేలు కాదు. కానీ దాంతోపాటే చద్ది సంగటి బీదరికపు గుర్తుగా మారింది. ఇప్పుడు అదే సంగటి నాటుకోడి పులుసుతో తిరుపతి హోటళ్ళలో స్పెషల్!

ఇక బడ్జెట్. 2023 జూలై చివర్లో మదనపల్లె మార్కెట్లో మేలురకం టమాటా కిలో 200 దగ్గరికి పోయింది. కోతకూలి కూడా రాక రైతులు టమాటాలు రోడ్డుపక్కన పారబోసిన ఏళ్ళూ ఉన్నాయి. చవగ్గా ఉన్నప్పుడు ఐదు కిలోలు ఉడికించి గుజ్జు చేసి చిన్న డబ్బాల్లో గడ్డకట్టించుకున్న ఇంటికి డబ్బు మిగులుతుంది. ధర ఎక్కువున్నప్పుడు కొని నింపితే కరెంటు బిల్లు తప్ప మిగిలేదేమీ లేదు. అవ్వలు చేసింది ఈ లెక్కే. కాలం చూసి కొనడం, కలిసివచ్చిన రోజున వండడం.

తేడా ఒకటుంది. వడియాలు పెట్టే రోజు నలుగురు ఆడవాళ్ళు మిద్దెమీద చేరేవాళ్ళు. ఫ్రీజర్ డబ్బాలు నింపే ఆదివారం ఒక్క మనిషే వంటింట్లో ఉంటోంది. ఫోన్లో "వేడిగా వండట్లేదా?" అని అడిగేవాళ్ళకి చరిత్ర చెప్పడం మంచిదే. అంతకన్నా మంచిది, ఆ ఇంటి మగాడు లేచి ఉల్లిపాయలు తరగడం.