విదేశీ ప్రసారాల మానిటరింగ్ కేంద్రాలు

పరాయి దేశాల రేడియో, టెలివిజన్ ప్రసారాలను రాత్రింబవళ్లు విని, పనికొచ్చేదాన్ని రాసుకుని, అనువదించి ప్రభుత్వానికీ పత్రికలకూ అందించే కార్యాలయాలివి. గూఢచారుల పనితో చుట్టరికం ఉన్నా ఇక్కడి ముడిసరుకులో రహస్యమేమీ లేదు. రేడియో సెట్టు ఉన్న ఎవరైనా వినగలిగిన మాటే. అయితే వినడానికి భాష రావాలి, చెవి పదునుగా ఉండాలి, సిగ్నల్ అందే చోట కూర్చోవాలి. ఈ మూడో షరతు వల్లే చాలా కేంద్రాలను గొడవలు ముదిరిన ప్రాంతాల అంచునే పెట్టాల్సి వచ్చింది. వాటిలో కొన్ని తాము వింటున్న గొడవలోనే చిక్కుకున్నాయి.

పుట్టుక

1930లలో షార్ట్‌వేవ్ రేడియో సరిహద్దులు దాటి ప్రచారానికి దిగింది. జర్మనీ బెర్లిన్ దగ్గరున్న త్సీజెన్ ట్రాన్స్‌మిటర్ల నుంచి ఖండాంతరాలకు మాట్లాడేది. ఇటలీ 1934లో బారీ నగరం నుంచి అరబ్బీ ప్రసారాలు మొదలుపెట్టి, మధ్యప్రాచ్యంలో బ్రిటిష్ పెత్తనం మీద దుమ్మెత్తిపోసింది. దానికి దీటుగా బీబీసీ 1938 జనవరి 3న అరబ్బీ విభాగాన్ని తెరిచింది. జవాబు చెప్పాలంటే ముందు అవతలివాళ్లు ఏమంటున్నారో తెలియాలి. ఆ అవసరం నుంచే 1939 ఆగస్టులో, యుద్ధం ఇంకా మొదలవకముందే, ఈవ్‌షమ్ పట్టణం దగ్గరి వుడ్ నార్టన్ ఎస్టేటులో బీబీసీ మానిటరింగ్ సర్వీసు పుట్టింది. 1943లో అది రెడింగ్ సమీపంలోని కేవర్‌షమ్ పార్క్ అనే పాత జమీందారీ భవనంలోకి మారింది.

అక్కడ చేరినవాళ్లలో ఎక్కువమంది హిట్లర్ పాలన నుంచి పారిపోయి వచ్చిన జర్మన్, ఆస్ట్రియన్, చెక్ మేధావులు. తర్వాత కళాచరిత్రకారుడిగా ప్రపంచ ప్రసిద్ధుడైన ఎర్నెస్ట్ గోంబ్రిక్, కవి ఎరిక్ ఫ్రీడ్, నాటక విమర్శకుడు మార్టిన్ ఎస్లిన్, ప్రచురణకర్త జార్జ్ వైడెన్‌ఫెల్డ్ ఈ హెడ్‌ఫోన్లు పెట్టుకున్నవారే. ఏ ప్రభుత్వం వాళ్లను వెళ్లగొట్టిందో ఆ ప్రభుత్వపు గొంతునే రోజంతా వినాలి. విన్నది తమ కోపం కలపకుండా రాయాలి. ఈ వృత్తికి తొలి క్రమశిక్షణ నేర్పింది వాళ్లే అని చెప్పాలి.

పని తీరు

ప్రసారం వస్తుండగానే దాన్ని మైనపు సిలిండర్ మీద రికార్డు చేసేవారు. వినే ఉద్యోగిని మానిటర్ అంటారు. అతను ముందు ముఖ్యాంశాలు రాసుకుని, తర్వాత సిలిండర్‌ను మళ్లీ మళ్లీ తిప్పి వింటూ పూర్తి పాఠాన్ని టైపిస్టుకు చెప్పేవాడు. పని అయిపోయాక మైనాన్ని పైపైన చెక్కేసి అదే సిలిండర్‌ను తిరిగి వాడేవారు. అందువల్ల ఆనాటి గొంతుల్లో చాలా భాగం మిగల్లేదు, కాగితాలే మిగిలాయి.

ఆ కాగితం మీద మాటకన్నా ముందు దాని చిరునామా ఉండాలి. ఏ నగరం, ఏ స్టేషన్, దేశీయ శ్రోతల కోసమా విదేశీయుల కోసమా, ఏ భాష, గ్రీనిచ్ కాలమానంలో ఎన్ని గంటలకు, ఏ తేదీ అన్నవి పైన రాస్తారు. కింద ఇచ్చింది పూర్తి పాఠమా, కొన్ని భాగాలా, సారాంశమా అన్నదీ చెబుతారు. వినపడని చోట ‘మాటలు స్పష్టంగా లేవు’ అని బ్రాకెట్లో పెడతారే గాని ఊహతో పూరించరు. సొంత నివేదికను నమ్మదగినదిగా నిలబెట్టేది ఆ బ్రాకెట్టే. ఒకే మాటను ఒక స్టేషన్ రష్యన్‌లో ఒక రకంగా, అరబ్బీలో మరో రకంగా చెబితే, ఆ తేడా కూడా వార్తే. అందుకే చిరునామా లేని పాఠానికి ఈ వృత్తిలో విలువ లేదు.

గోంబ్రిక్ ఈ అనుభవాన్ని తన ‘ఆర్ట్ అండ్ ఇల్యూజన్’ పుస్తకంలో (1960) వాడుకున్నాడు. గరగరల మధ్య సన్నగా వచ్చే మాటను అందుకోవాలంటే అక్కడ ఏ మాట వచ్చే అవకాశం ఉందో ముందే తెలిసి ఉండాలి. తెలియకపోతే వినపడదు. కానీ ఆ ఊహ బిగుసుకుపోతే రాని మాట కూడా వచ్చినట్టే వినిపిస్తుంది. మానిటర్ రోజూ నడవాల్సిన దారి ఈ రెండు ప్రమాదాల మధ్యే.

1945 మే 1 రాత్రి ఆయనే డ్యూటీలో ఉన్నాడు. ముఖ్యమైన ప్రకటన రాబోతోందని జర్మన్ రేడియో చెప్పి, బ్రూక్నర్ ఏడో సింఫనీలోని మంద్రమైన భాగాన్ని వినిపించింది. అది వాగ్నర్ మరణాన్ని తలచుకుంటూ కూర్చిన సంగీతమని గోంబ్రిక్‌కు తెలుసు. జరిగి ఉండగల సంగతులన్నిటినీ వేర్వేరు చీటీల మీద ముందే రాసి పెట్టుకున్నాడు. హిట్లర్ చనిపోయాడన్న ప్రకటన మొదలవగానే ఆ చీటీని వేలితో చూపించాడు. పక్కనున్నవాళ్లు వెంటనే లండన్‌కు ఫోను చేశారు. చర్చిల్‌కు ఆ వార్త అలా చేరింది.

అమెరికా సంస్థ

అమెరికాలో 1939 చివర రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ డబ్బుతో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో ఒక శ్రవణ కేంద్రం వెలిసింది. 1941 ఫిబ్రవరి 26న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఈ పనికి 1,50,000 డాలర్లు కేటాయించడంతో ప్రభుత్వ సంస్థ ఏర్పడింది. అది మొదట ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ కింద ఉండేది. జపాన్ ప్రసారాలు వినడానికి పసిఫిక్ తీరాన ఉన్న ఆరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌లో కార్యాలయం తెరిచారు. పెర్ల్ హార్బర్ దాడికి ముందురోజు, 1941 డిసెంబరు 6 నాటి విశ్లేషణలో, టోక్యో రేడియో ధోరణి మరింత కటువైందనీ, ఇదివరకటి ఉద్రిక్తతల్లోలాగా శాంతి మాట ఎత్తడం లేదనీ రాశారు. దాడి ఎక్కడ, ఎప్పుడు జరుగుతుందో బహిరంగ ప్రసారం చెప్పదు. గొంతు మారిందని మాత్రం చెబుతుంది. ఈ సంస్థల నుంచి ఎంత ఆశించవచ్చో కొలుచుకోవడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

1945 ఆగస్టు 10న లొంగిపోవడానికి జపాన్ సిద్ధపడ్డ సంగతి దోమేయ్ వార్తాసంస్థ ప్రసారం ద్వారానే ముందు తెలిసింది. స్విట్జర్లాండ్ మీదుగా రావాల్సిన అధికారిక లేఖ ఆ తర్వాత వచ్చింది. యుద్ధం తర్వాత అమెరికా శ్రవణ సంస్థ చేతులు మారి 1947లో సీఐఏ కిందికి చేరింది. ఫారిన్ బ్రాడ్‌కాస్ట్ ఇన్ఫర్మేషన్ సర్వీసు, పొట్టిగా ఎఫ్‌బీఐఎస్, అన్న పేరుతో స్థిరపడింది. అదే కాలంలో బీబీసీతో ఒప్పందం కుదిరి, ప్రపంచాన్ని రెండు సంస్థలూ వాటాలు వేసుకున్నాయి. ఒకరు విన్నది రెండోవారికి ఇవ్వాలి. కేవర్‌షమ్‌లో అమెరికన్ సిబ్బందికి గదులు కూడా ఉండేవి.

1962 అక్టోబరు 28న, క్యూబా నుంచి క్షిపణులు వెనక్కి తీసుకుంటామన్న సోవియట్ నాయకుడు క్రుశ్చేవ్ లేఖను మాస్కో రేడియో చదివింది. రాయబార కార్యాలయాల దారిలో లేఖ రావడానికి గంటలు పట్టే రోజులవి. అధికారిక ప్రతి చేతికి రాకముందే, ప్రసారమైన పాఠం ఆధారంగా కెన్నెడీ జవాబిచ్చాడు.

గొడవల అంచున

షార్ట్‌వేవ్ ఎంత దూరమైనా పోతుంది. ఒక దేశం తన ప్రజలకు చెప్పుకునే మాట మాత్రం మీడియంవేవ్‌లో, తర్వాత టెలివిజన్‌లో ఉంటుంది. అది అంత దూరం రాదు. బయటివాళ్లకు వినిపించే మాట ఒకటి, ఇంట్లోవాళ్లకు చెప్పేది ఇంకొకటి అయినప్పుడు రెండోదే విలువైనది. అందుకే ఎఫ్‌బీఐఎస్ ఓకినావాలో, సైగాన్‌లో, సైప్రస్‌లో కేంద్రాలు పెట్టింది. మధ్యధరా తూర్పు కొసన ఉన్న సైప్రస్ నుంచి కైరో, డమాస్కస్, బీరూట్, జెరూసలేం అన్నీ అందుతాయి. కైరో నుంచి 1953లో మొదలైన ‘సౌత్ అల్-అరబ్’ (అరబ్బుల గొంతు) ప్రసారం అరబ్బు దేశాలన్నిటినీ ఊపేస్తున్న కాలమది. ఇజ్రాయెల్‌తో జరిగిన 1967 జూన్ యుద్ధంలో కైరో రేడియో శత్రు విమానాలను కూల్చేశామని లెక్కలు చదువుతుంటే, ఈజిప్టు వైమానిక దళం అప్పటికే నేల మీద ధ్వంసమైంది. పక్కపక్క స్టేషన్ల మాటలను వరసగా పెట్టి చూడగలిగినవాళ్లకే ఆ తేడా కనిపించేది.

ఇలాంటి కేంద్రం నడపడమంటే సగం భాషా పని, సగం ఊళ్లో నిలదొక్కుకునే పని. యాంటెన్నాలకు విశాలమైన స్థలం కావాలి, దానికి ఆతిథ్య ప్రభుత్వం అనుమతి కావాలి. స్థానికంగా చేరిన అనువాదకుల బంధువులు తరచు ఆ గొడవల్లో ఏదో ఒక పక్షాన ఉంటారు. మూడు షిఫ్టుల్లో ఒక్కటి ఆగినా ఆ గంటల్లో వచ్చిన మాట తిరిగి రాదు. కర్ఫ్యూ పెట్టినరోజే పని ఎక్కువ, ఆ రోజే ఉద్యోగి ఇల్లు కదలలేడు.

సైప్రస్‌లో ఈ ఇబ్బందులన్నీ ఒకేసారి మీద పడ్డాయి. 1974 జులై 15న గ్రీకు సైనిక నియంతల అండతో కుట్ర జరిగింది. అధ్యక్షుడు మకారియోస్ చనిపోయాడని నికోసియా రేడియో ప్రకటించింది. ఆయన బతికే ఉండి, పాఫోస్ నుంచి ఒక చిన్న ట్రాన్స్‌మిటర్ మీద ప్రజలతో మాట్లాడాడు. రాజధాని స్టేషన్ను మాత్రమే వింటే చనిపోయిన మనిషి, బలహీనమైన రెండో సిగ్నల్‌నూ వెతికి పట్టుకుంటే బతికున్న నాయకుడు. అయిదు రోజుల తర్వాత టర్కీ సైన్యం కైరేనియాకు పడమటి తీరంలో దిగింది. ఎఫ్‌బీఐఎస్ కేంద్రం ఉన్నదీ ఆ తీరం వైపే. అక్కణ్ణుంచి కదలక తప్పలేదు.

ఇదే పని కోసం భారతదేశంలోనూ రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఆలిండియా రేడియో మానిటరింగ్ విభాగం మొదలైంది. అది చాలాకాలం సిమ్లాలో పనిచేసింది, తర్వాత సెంట్రల్ మానిటరింగ్ సర్వీసు ఢిల్లీ శివారులోని ఆయానగర్ నుంచి నడిచింది.

మౌనం కూడా వార్తే

సోవియట్ ప్రసారాలను వినేవాళ్లు చెప్పిన మాటతోపాటు చెప్పనిదాన్నీ లెక్కపెట్టేవారు. నాయకుల పేర్లు చదివే వరసలో ఎవరు కిందికి దిగారు, నిన్నటి విశేషణం ఇవాళ ఎందుకు రాలేదు అని పాత కాగితాలు తీసి పోల్చేవారు. 1982 నవంబరు 10 సాయంత్రం మాస్కో టెలివిజన్ మిలీషియా దినోత్సవ కచేరీని చెప్పాపెట్టకుండా ఆపేసింది. పెద్దవాళ్లెవరో పోయారని విదేశీ పరిశీలకులకు అర్థమైంది. సోవియట్ నాయకుడు బ్రెజ్నెవ్ మరణాన్ని మర్నాడు ప్రకటించారు.

తర్వాతి మార్పులు

ఎఫ్‌బీఐఎస్ 2005లో ఓపెన్ సోర్స్ సెంటర్‌గా, 2015లో ఓపెన్ సోర్స్ ఎంటర్‌ప్రైజ్‌గా మారింది. బీబీసీ మానిటరింగ్‌కు ప్రభుత్వం నేరుగా ఇచ్చే నిధులు 2013లో ఆగిపోయి ఆ భారం లైసెన్సు ఫీజు మీద పడింది. కోతలను బ్రిటిష్ కామన్స్ రక్షణ కమిటీ 2016 డిసెంబరులో తీవ్రంగా తప్పుపట్టినా, 2018లో సంస్థ కేవర్‌షమ్ భవనాన్ని వదిలి లండన్‌కు వెళ్లిపోయింది.

ఇంతకన్నా పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. ఎఫ్‌బీఐఎస్ ‘డైలీ రిపోర్ట్’ దశాబ్దాలపాటు ప్రాంతాలవారీ సంపుటాలుగా గ్రంథాలయాలకు చేరేది. చైనా, సోవియట్, అరబ్బు రాజకీయాల మీద పరిశోధన చేసినవాళ్లకు అదే ఆధారం. 1996లో అచ్చు ఆగిపోయింది. దాని స్థానంలో వచ్చిన ‘వరల్డ్ న్యూస్ కనెక్షన్’ కంప్యూటర్ సేవ కూడా 2013 చివర మూతపడింది. బహిరంగంగా వినిపించిన మాటలకు చేసిన అనువాదాలు అప్పటినుంచి ప్రభుత్వోద్యోగులకే పరిమితమయ్యాయి. బ్రిటన్‌లో యుద్ధకాలం నుంచి పోగైన బీబీసీ మానిటరింగ్ కాగితాలు మాత్రం డక్స్‌ఫర్డ్‌లోని ఇంపీరియల్ వార్ మ్యూజియం దగ్గర భద్రంగా ఉన్నాయి.