గోడౌన్‌లో నడక ఆగిపోయింది.. ఆ మిగిలిన టైమ్ ఎవరిది? కీవా రోబోల కథ

ఇవాళ ఒక ప్రశ్నతో మొదలుపెడదాం. మీరు ఫోన్‌లో ఒక ఛార్జర్ ఆర్డర్ పెట్టారు. అది ఊరి బయట ఒక పెద్ద గోడౌన్‌లో, వేల ర్యాకుల మధ్య, ఎక్కడో ఒక అరలో ఉంది. దాన్ని తీసి ప్యాకింగ్ టేబుల్ దాకా తేవాలి. ఈ పనిలో ఎక్కువ టైమ్ దేనికి పోతుంది? వస్తువు తీయడానికా? ప్యాకింగ్‌కా? రెండూ కాదు. నడవడానికి. పాత పద్ధతి గోడౌన్‌లో వస్తువులు ఏరే మనిషి, అంటే పికర్, ఒక షిఫ్ట్‌లో పదిహేను కిలోమీటర్లు నడవడం మామూలు విషయం.

ఆ నడకని రోబోలు ఎలా తీసేసుకున్నాయి, అలా మిగిలిన టైమ్ ఎవరికి దక్కింది అన్నదే ఇవాళ్టి కథ.

గోడౌన్‌లో డ్రైవర్ లేని బండి కొత్తదేం కాదు. 1950లలోనే అమెరికాలో బారెట్ ఎలక్ట్రానిక్స్ అనే కంపెనీ అలాంటి బండి తయారుచేసింది. ముందే వేసిన ఒక వైర్‌ని పసిగట్టుకుంటూ అది సరుకు లాక్కెళ్ళేది. కానీ గానుగెద్దులాగా దానికి తెలిసింది ఒక్కటే దారి. దారి మార్చాలంటే వైర్ మార్చాలి. అంటే అది తనంతట తాను నడిచేదే గానీ, తనంతట తాను ఆలోచించేది కాదు.

ఇప్పుడు 1990ల చివరికి వద్దాం. ఇంటర్నెట్‌లో కూరగాయలు, కిరాణా అమ్ముతామంటూ అమెరికాలో వెబ్‌వ్యాన్ అనే కంపెనీ వచ్చింది. భారీ గోడౌన్లు, కిలోమీటర్ల కొద్దీ కన్వేయర్ బెల్టులు. ఇలాంటివి 26 కట్టడానికి 100 కోట్ల డాలర్ల కాంట్రాక్ట్ కూడా రాసుకుంది. అయితే ఆర్డర్లు అనుకున్నంత రాలేదు. ఒక్కో ఆర్డర్ సర్దడానికయ్యే ఖర్చేమో తగ్గలేదు. 2001 జులైలో కంపెనీ మూతపడింది.

అక్కడ పనిచేసిన ఇంజినీర్ ఒకతను ఈ పతనాన్ని దగ్గర్నుంచి చూశాడు. పేరు మిక్ మౌంట్జ్. దాహం వేసినవాడే బావి దగ్గరికి వెళ్ళాలి అంటాం కదా. మౌంట్జ్ దాన్ని తిరగేశాడు. మనిషి ర్యాక్ దగ్గరికి ఎందుకు వెళ్ళాలి? ర్యాకే మనిషి దగ్గరికి వస్తే?

2003లో ఆయన కంపెనీ పెట్టాడు. అదే తర్వాత కీవా సిస్టమ్స్ అయింది. ఇద్దరు ప్రొఫెసర్లు తోడయ్యారు. ఒకరు పీటర్ వుర్మన్. ఇంకొకరు రఫాయెల్లో డాండ్రియా. ఈయన కార్నెల్ యూనివర్సిటీలో ఫుట్‌బాల్ ఆడే రోబోల టీమ్‌ని నడిపి, రోబోకప్ పోటీల్లో ఛాంపియన్‌గా నిలబెట్టిన మనిషి. ఆటగ్రౌండ్‌లో ఒకదానికొకటి తగలకుండా పరిగెత్తే రోబోలు చేసినవాడికి, గోడౌన్ ఫ్లోర్ ఇంకో గ్రౌండ్ అన్నమాట.

ఇంతకీ ఆ రోబో ఎలా పనిచేస్తుంది? ఆరెంజ్ రంగు, అడుగు ఎత్తు, పీటలాంటి బండి. నేల మీద వరసగా బార్‌కోడ్ స్టిక్కర్లు అంటించి ఉంటాయి. రోబో కింద ఉన్న కెమెరా వాటిని చదివి తను ఎక్కడుందో తెలుసుకుంటుంది. నేరుగా ర్యాక్ కిందికి దూరుతుంది. కారు టైర్ మార్చే జాక్ తెలుసు కదా, స్క్రూ తిప్పితే బండి పైకి లేస్తుంది. ఈ రోబో ర్యాక్ కింద తన చుట్టూ తాను తిరుగుతుంది, ఆ తిరుగుడుకే స్క్రూ పైకి వచ్చి ర్యాక్‌ని నేల మీంచి లేపుతుంది. చిన్న మోడల్ కూడా దాదాపు 450 కిలోలు మోసేది.

ఏ ర్యాక్ తేవాలో కంప్యూటర్ చెబుతుంది. ఏ దారిలో తేవాలో మాత్రం రోబో లెక్కేసుకుంటుంది. దానికి వాడిన పద్ధతి పేరు ఏ-స్టార్. 1968లో స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో షేకీ అనే రోబో కోసం పుట్టిన లెక్క అది. 2000ల్లో గోడౌన్‌లో అన్నం పెట్టింది. ఇంకో తెలివి చూడండి. ఎక్కువ అమ్ముడయ్యే సరుకు ఉన్న ర్యాకులు వాటంతట అవే ముందుకి వచ్చేస్తాయి, కదలని సరుకు వెనక్కి పోతుంది. మన కిరాణా కొట్టులో ఉప్పు, పప్పు చేతికందేలా పెట్టినట్టు.

స్టేపుల్స్, వాల్‌గ్రీన్స్, జాపోస్ లాంటి పెద్ద కంపెనీలు కీవా రోబోలు పెట్టుకున్నాయి. 2009లో జాపోస్‌ని అమెజాన్ కొనేసింది. 2012లో ఏకంగా కీవానే 77.5 కోట్ల డాలర్లకి కొనేసింది. ఆ తర్వాత బయటివాళ్ళకి కొత్తగా రోబోలు అమ్మడం ఆగిపోయింది.

అప్పటిదాకా కీవా మీద ఆధారపడినవాళ్ళ పరిస్థితేంటి? క్వయట్ లాజిస్టిక్స్ అనే సంస్థ కీవా రోబోలతోనే పనిచేసేది. ఇక దారి లేక సొంతంగా రోబోలు చేసుకుంది, అలా పుట్టిందే లోకస్ రోబోటిక్స్. మన దేశంలో బిట్స్ పిలానీలో చదివిన సమయ్ కోహ్లీ, ఆకాశ్ గుప్తా 2011లో గ్రేఆరెంజ్ మొదలుపెట్టారు. వాళ్ళ బట్లర్ రోబో కూడా ర్యాక్‌ని మోసుకొచ్చేదే. తలుపు ఒకరు మూశారు, కిటికీలు పదిమంది తెరిచారు.

సరే, ఇప్పుడు అసలు ప్రశ్న. రోబోలొచ్చాక ఉద్యోగాలు పోయాయా? అమెజాన్‌లో 2012లో దాదాపు 88 వేల మంది ఉద్యోగులు. 2023కి 15 లక్షలు దాటారు. రోబోలు 2025లో 10 లక్షలకి చేరాయి. అంటే రెండూ పెరిగాయి. ఆర్డర్లు అంత పెరిగాయి మరి. ముందు ముందు కూడా ఇలాగే ఉంటుందని దీన్నిబట్టి చెప్పలేం. అర లోపల చెయ్యి పెట్టి వస్తువు తీయడం రోబోకి చాలా ఏళ్ళు చేతకాలేదు, అందుకే మనిషి మిగిలాడు. ఇప్పుడు ఆ పని నేర్చుకునే రోబో చేతులు కూడా వచ్చేస్తున్నాయి.

కానీ పని మాత్రం మారిపోయింది. అంతకుముందు పికర్ నడిచేవాడు. కాళ్ళు నొప్పులే, నిజమే. కానీ రెండు ర్యాకుల మధ్య చేతులకి, కళ్ళకి కాస్త ఊపిరి దొరికేది. ఇప్పుడు ఒకేచోట నిలబడాలి. ఒక ర్యాక్ వెళ్ళేలోపు ఇంకోటి రెడీ. వంగు, తీయి, స్కాన్ చెయ్, మళ్ళీ వంగు. గంటకి 100 వస్తువులు తీసేచోట టార్గెట్ 300, 400కి వెళ్ళిందని అమెరికా పత్రికలు రాశాయి. 2020లో రివీల్ అనే పరిశోధనా సంస్థ కంపెనీ రికార్డులు తిరగేసి, రోబోలున్న గోడౌన్లలోనే తీవ్ర గాయాల రేటు ఎక్కువగా ఉందని బయటపెట్టింది. అమెజాన్ ఆ లెక్కల అర్థాన్ని ఒప్పుకోలేదు, భద్రత మీద ఖర్చు పెడుతున్నామంది.

చూశారా? నడక తప్పించిన మెషీన్ చెడ్డదేం కాదు. పదిహేను కిలోమీటర్లు నడవమని ఎవరూ కోరుకోరు. అలా మిగిలిన టైమ్‌లో పావు వంతైనా ఆ మనిషికి విశ్రాంతిగా ఇచ్చి ఉండొచ్చు. ఇవ్వలేదు. మొత్తం టార్గెట్‌లో కలిపేశారు. ఏ-స్టార్ లెక్కలో ఆ మాట లేదు. ఆ నిర్ణయం మనుషులది.

మన హైదరాబాద్ చుట్టూ కూడా పెద్ద పెద్ద గోడౌన్లు వెలిశాయి. మీలో కొందరు, మీ అన్నో చెల్లో, అక్కడ స్కానర్ పట్టుకుని నిలబడుతూ ఉండొచ్చు. రేపు మీ ఫ్లోర్ మీదికి రోబో వస్తే, అది ఎంత బరువు మోస్తుందో అందరూ అడుగుతారు. మీరు ఇంకోటి కూడా అడగండి. టార్గెట్ ఎంత, బ్రేక్ ఎంత? ఉంటాను ఫ్రెండ్స్, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.