వాత నుంచి చిప్ దాకా: గుర్రాన్ని గుర్తుపట్టడమెలా?

విజయనగరాన్ని సాళువ నరసింహరాయలు ఏలిన రోజుల్లో (1485–91) ఓర్ముజ్, ఏడెన్ రేవుల నుంచి ఓడల మీద గుర్రాలు వచ్చేవి. పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ ఆ తర్వాత సుమారు అర్ధశతాబ్దానికి రాసిన వృత్తాంతం ప్రకారం, రాయలు వెయ్యి పర్దావులకు మూడు గుర్రాల చొప్పున కొనేవాడు. బతికినవైనా సరే, చచ్చినవైనా సరే. సముద్రంలో చచ్చిన గుర్రానికి వర్తకుడు దాని తోక తెచ్చి చూపితే చాలు, సొమ్ము ముట్టేది.

ఆ ఖజానాకు మీరే అధికారి అనుకోండి. మీ ముందు ఒక తోక ఉంది. అది ఆ ఓడెక్కిన గుర్రానిదేనని ఎలా తేలుస్తారు? వర్తకులు రావడం మానకూడదు కాబట్టి రాయలు ఆ ప్రశ్న వేయలేదు కాబోలు. గుర్రం కొనే మామూలు మనిషికి మాత్రం అది తప్పదు. అమ్మేవాడు చూపే రుజువు ఎదురుగా నిలబడ్డ గుర్రానిదేనా?

రాయలకు దాదాపు రెండు శతాబ్దాల ముందే ఢిల్లీలో ఈ ప్రశ్న తలెత్తింది.

సుల్తాను వేసిన వాత

అల్లావుద్దీన్ ఖిల్జీ (1296–1316) తన సైన్యానికి నగదు జీతాలిచ్చాడు. జీతం గుర్రాన్ని బట్టి ఉంటే మోసానికీ దారి ఏర్పడుతుంది. తనిఖీ రోజున ఒకే గుర్రాన్ని రెండుసార్లు చూపవచ్చు. మేలుజాతి గుర్రాన్ని అమ్ముకొని దాని స్థానంలో తట్టువను కట్టేయవచ్చు. దీన్ని అరికట్టడానికి సుల్తాను రెండు పనులు చేశాడు. గుర్రానికి వాత వేయించాడు. దీన్ని ‘దాగ్’ అన్నారు. సైనికుడి ఆనవాళ్ళను జాబితాకెక్కించాడు. దీన్ని ‘హులియా’ అన్నారు. ఒంటి మీద గుర్తు, దఫ్తరులో రాత: ఈ రెండింటినీ పోల్చి చూడడమే నేటి పాస్‌పోర్టుకు కూడా మూలసూత్రం.

అక్బరు 1573–74లో ఈ పద్ధతిని మళ్ళీ ప్రవేశపెట్టాడు. వాత ఆకారం ఎలా మారిందో అబుల్ ఫజల్ ‘ఐన్-ఇ-అక్బరీ’లో చెప్పాడు. మొదట మెడకు కుడివైపున ఒక అక్షరం తల, తర్వాత కుడి తొడ మీద ఒకదాన్నొకటి ఖండించే రెండు గీతలు, ఆ తర్వాత నారి తీసిన విల్లు, చివరకు అంకెలు. మోసాన్ని బాగా అడ్డుకున్నవి అంకెలేనని ఆయన అభిప్రాయం. ఎందుకో మీరే ఆలోచించండి. బొమ్మ ‘ఇది సర్కారు లెక్కలోది’ అని మాత్రమే చెబుతుంది. అంకె ఆ గుర్రం ఎన్నోసారి తనిఖీకి వచ్చిందో కూడా చెబుతుంది.

పుట్టుకతో వచ్చిన గుర్తులు

వాత మనిషి పెట్టేది. పుట్టుకతోనే వచ్చే గుర్తులూ ఉన్నాయి. సుడులు వాటిలో ముఖ్యమైనవి. శాలిహోత్రుడి పేర ప్రచారంలో ఉన్న అశ్వశాస్త్రం సుడులను బట్టి యజమానికి కలిగే శుభాశుభాలను చెప్పింది. తెలుగులో మనుమంచి భట్టు గుర్రాల లక్షణాలపై పద్యకావ్యమే రాశాడు. సుడికీ అదృష్టానికీ సంబంధం ఉందనడానికి ఆధారం లేదు. కాని సుడి తల్లి గర్భంలోనే ఏర్పడుతుంది, వయసుతో చోటు మారదు. అందుకే పాస్‌పోర్టులోని గుర్రం బొమ్మలో సుడి ఉన్నచోటల్లా ఇంటూ గుర్తు పెడతారు. నుదుటి చుక్క, కాళ్ళ తెలుపు వంటి మచ్చలను ఎర్ర సిరాతో గీస్తారు.

వయసు తెలిపేవి పళ్ళు. కుంతకాలనే ముందరి పళ్ళలో నడిమి జత సుమారు రెండున్నరేళ్ళకు, పక్క జత మూడున్నరకు, చివరి జత నాలుగున్నరకు పాలపళ్ళ స్థానంలో వస్తాయి. ఆ తర్వాత పంటి మీది నల్లని గుంట అరిగే తీరును చూడాలి. ముసలి గుర్రం పంటికి దొంగ గుంట తొలిచి, కాల్చి నలుపు చేసిన అమ్మకందార్లూ ఉన్నారు! పదేళ్ళు దాటాక పళ్ళు చెప్పేది అంచనా మాత్రమే.

1844, 2017

మూడేళ్ళ గుర్రాలకు జరిగే ఇంగ్లండు డెర్బీ పందెంలో 1844లో ‘రన్నింగ్ రీన్’ గెలిచింది. నిజానికి అది ‘మెకాబియస్’ అనే నాలుగేళ్ళ గుర్రమని వివాదం కోర్టుకెక్కింది. నోరు చూస్తే నిజం తెలుస్తుంది, గుర్రాన్ని తెమ్మన్నాడు జడ్జి. గుర్రాన్ని తేలేకపోయారు. కేసు వీగిపోయి, రెండోదిగా వచ్చిన ‘ఓర్లాండో’కు విజయం దక్కింది.

నేడు మెడ ఎడమవైపు, జూలు కింద, బియ్యపు గింజంత చిప్‌ను సూదితో ఎక్కిస్తారు. దానిలో బ్యాటరీ ఉండదు. రీడర్ పంపే రేడియో తరంగాల శక్తితోనే అది తన 15 అంకెల సంఖ్యను తెలుపుతుంది. అయినా 2017 జులైలో ఇంగ్లండులోని గ్రేట్ యార్మత్‌లో రెండేళ్ళ గుర్రాల పందెంలో ఒక మూడేళ్ళ గుర్రం పరుగెత్తి గెలిచింది. పొరపాటు పందెం ముగిశాక చిప్ చదివినప్పుడు బయటపడింది. ఒంట్లో చిప్ ఉంటే చాలదు, వేళకు చదివేవారూ ఉండాలి.

కొనేముందు మీరు చూడవలసినవి

మన సంతల్లో అమ్ముడయ్యే గుర్రాల్లో చాలావాటికి పాస్‌పోర్టే ఉండదు. పందెపు గుర్రాల వంశావళి మాత్రం పుణెలోని స్టడ్ బుక్ అథారిటీ దగ్గర నమోదవుతుంది. తల్లిదండ్రుల విషయంలో అనుమానం వస్తే డీఎన్‌ఏ పరీక్ష ఉంది.

పాస్‌పోర్టు ఉంటే దాన్ని చేత పట్టుకొని గుర్రం చుట్టూ తిరగండి. బొమ్మలోని ప్రతి సుడినీ, ప్రతి మచ్చనూ ఒంటి మీద వెతకండి. చిప్‌ను మీ ఎదుటే చదివించి అంకెలన్నీ పోల్చండి. పుట్టిన సంవత్సరంతో పళ్ళు పొసగుతున్నాయో లేదో పశువైద్యుడిని అడగండి. పాస్‌పోర్టు గుర్రం ఫలానాదని చెబుతుందే గాని, అమ్మేవాడిదేనని చెప్పదు. కాబట్టి యాజమాన్యపు రుజువు వేరే అడగండి.

ఇదంతా డబ్బు కోసమే కాదు. గ్లాండర్స్ అనే జబ్బు గుర్రం నుంచి మనిషికి సోకి ప్రాణం తీయగలదు. ఆ జబ్బు లేదని చెప్పే రక్తపరీక్ష కాగితం పక్క గుర్రానిదైతే మీకు ఏ రక్షణా ఉండదు. ఆ కాగితం మీద గుర్రం ఆనవాళ్ళు లేకపోతే, రక్తం మళ్ళీ మీ కళ్ళెదుట తీయించండి.