రన్: ఒక ఆంగ్ల క్రియ కథ

పరుగెత్తడాన్ని చెప్పే సాధారణ ఆంగ్ల క్రియ 'రన్'. భూతకాలంలో ఇది 'ర్యాన్' అవుతుంది, పూర్తయిన పనిని చెప్పేటప్పుడు మళ్లీ 'రన్'గానే ఉంటుంది. ఒక్క అక్షరం, ఒక పొల్లుతో ముగిసే ఈ మాటకు ఆక్స్‌ఫర్డ్ ఆంగ్ల నిఘంటువులో మిగతా క్రియలన్నిటికంటే ఎక్కువ అర్థాలున్నాయి. 1989లో వచ్చిన రెండో కూర్పులో ఆ గౌరవం 430 అర్థాలున్న 'సెట్'ది. 2011లో 'రన్' పద్దును కొత్తగా పరిష్కరించినప్పుడు క్రియారూపానికే 645 అర్థాలు తేలాయి. నిఘంటుకారుడు పీటర్ గిల్లివర్ ఆ ఒక్క పద్దు మీద తొమ్మిది నెలలు పనిచేశారు.

ప్రాచీన ఆంగ్లంలో దీని రూపం 'రిన్నన్'. అయితే ఆనాటి రాతల్లో వర్ణాలు తారుమారైన 'ఇర్నన్' రూపమే ఎక్కువగా కనిపిస్తుంది. తమిళంలో 'ఉరల్' అన్నది తెలుగులో 'రోలు' కావడం కూడా ఇలాంటి వర్ణవ్యత్యయమే. 8వ శతాబ్ది చివరినుంచి ఇంగ్లండు తీరాల మీదికి వచ్చిన వైకింగుల భాషలోనూ 'రిన్నా', 'రెన్నా' అనే చుట్టపు మాటలున్నాయి. వాటి ఊతంతో రకారం మళ్లీ మాట మొదటికి చేరి నిలబడింది. రాతలో నేడు 'u'గా కనిపించే అచ్చు వర్తమానకాల రూపంలో స్థిరపడడానికి 16వ శతాబ్ది దాకా పట్టింది.

ఈ క్రియ చరిత్రలో అసలు కీలకం ప్రవాహమనే అర్థం. నీరు పారడం, నెత్తురు కారడం కూడా ప్రాచీన ఆంగ్ల కాలంనుంచే ఈ మాటతో చెప్పేవారు. మనిషి పరుగును చూసి తర్వాతెప్పుడో ఏటికి అంటగట్టిన అలంకారం కాదది. సోదరభాష జర్మన్‌లో ఈ రెండూ నేటికీ వేరువేరు మాటలే: నీరు కారితే 'రిన్నెన్', మనిషి పరుగెత్తితే 'రెన్నెన్'. ఆంగ్లంలో అవి కలిసిపోయి ఒకటే అయ్యాయి. జున్ను తయారీలో పాలు విరగడానికి వేసే 'రెన్నెట్' పేరు కూడా ఈ ధాతువు చుట్టమే.

ఈ సంగతి తెలిస్తే 645 అర్థాలు గందరగోళంగా అనిపించవు. ఆగకుండా, తన దారిన, ఒక చివరనుంచి ఇంకో చివరకు సాగేదేదైనా ఆంగ్లంలో 'రన్' అవుతుంది. రోడ్డు ఏటి వెంట సాగినా, తీగ గోడమీద పాకినా, ఉతికిన బట్ట రంగు దిగినా, జలుబు చేసి ముక్కు కారినా, ఒక గుణం వంశంలో తరతరాలుగా వస్తున్నా, నాటకం వారాల తరబడి ఆడినా అదే క్రియ. తెలుగు వీటిలో ప్రతిదానికీ వేరే క్రియను వాడుతుంది. మన వాడుక పదును అక్కడుంది. 'రన్ అవుట్' అంటే నిండుకోవడం, 'రన్ ఇంటు' అంటే అనుకోకుండా ఎదురుపడడం, 'రన్ ఓవర్' అంటే బండి మనిషి మీదుగా పోవడం. ఇలాంటి జంటపదాలను పట్టికలుగా రాయించి బట్టీ పట్టించే పద్ధతి పిల్లలకు తీరని అన్యాయం చేస్తోంది. మూలార్థం చెప్పకుండా పట్టిక ఇస్తే గుర్తుండేది పట్టికే తప్ప మాట కాదు.

ఆవిరియంత్రాలు, రైళ్లు వచ్చాక ఈ క్రియకు పని బాగా పెరిగింది. 19వ శతాబ్దిలో అమెరికన్లు వ్యాపారాన్ని నిర్వహించడానికీ, ఎన్నికల్లో పోటీచేయడానికీ దీన్నే వాడసాగారు. తెలుగులో బస్సు 'నడుస్తుంది', దుకాణం 'నడుపుతారు'. ఆంగ్లం పరుగు పెట్టించిన చోట మన భాష నడకతో సరిపెట్టుకుంది. ఎన్నికల విషయంలో అమెరికా అభ్యర్థి పరుగెత్తితే, బ్రిటన్ అభ్యర్థి 'స్టాండ్' అవుతాడు. మన దగ్గరా అభ్యర్థి ఎమ్మెల్యేగా 'నిలబడతాడు'.

నామవాచకంగా ఈ మాటను తెలుగువాళ్ల ఇళ్లలోకి తెచ్చింది ప్రధానంగా క్రికెట్. తొలినాళ్లలో ఇంగ్లండులో పరుగులను కర్రమీద గాట్లు పెట్టి లెక్కించేవారు, అందుకే వాటిని గాట్లు అనే అర్థమిచ్చే 'నాచెస్' అని పిలిచేవారు. తర్వాత 'రన్' స్థిరపడింది. తెలుగు వ్యాఖ్యాతల నోట 'పరుగు' బాగానే బతికింది, కానీ 'రనౌట్'కు బదులుగా మరో మాట నిలవలేదు.

తెలుగులో చేరిన 'రన్' ఒంటరిగా క్రియ కాదు, 'చేయు', 'అవు' తోడు కావాలి. ప్రోగ్రామ్ రన్ చేస్తాం, మోటారు రన్ అవుతోంది అంటాం. 'రన్నింగ్' మాత్రం విశేషణంగా స్వేచ్ఛగా తిరుగుతుంది: రన్నింగ్ బస్సు ఎక్కొద్దంటారు, తరగతిలో రన్నింగ్ నోట్స్ రాసుకుంటారు, బడి పిల్లలు రన్నింగ్ రేసులో గెలుస్తారు. ఇంత వాడుకలో ఉన్నా కుక్క తరిమితే ఎవరూ 'రన్ చేశాను' అనరు, 'పరిగెత్తాను' అంటారు. యంత్రాలకు సంబంధించిన అర్థం తెలుగు క్రియగా స్థిరపడింది, మనిషి పరుగు మాత్రం తెలుగు మాటకే మిగిలింది.