మెరిట్ అనే మాట

పదోన్నతుల జాబితా నోటీసు బోర్డు మీద పెట్టిన రోజు నేను స్టాఫ్ రూమ్‌లోకి వెళ్లలేదు. నాకంటే నాలుగేళ్లు వెనక చేరినతని పేరు అందులో ఉంది. నాది లేదు. అడిగితే ‘మెరిట్ చాలలేదు’ అన్నారు. దాన్ని ఎవరు, దేనితో కొలిచారో చెప్పలేదు. ఆ రాత్రి సి.బి. ముత్తమ్మ కేసు తీర్పు వెతుక్కుని మొదటిసారి పూర్తిగా చదివాను.

ముత్తమ్మది కొడగు. 1949లో ఇండియన్ ఫారిన్ సర్వీసులో చేరిన మొదటి స్త్రీ. పెళ్లి చేసుకుంటే రాజీనామా చేస్తానని ఆమె చేత ముందే సంతకం పెట్టించుకున్నారు. 1961 నాటి సర్వీసు నియమాలు అదే ధోరణిలో సాగాయి. స్త్రీ పెళ్లికి ముందు ప్రభుత్వం దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. పెళ్లయ్యాక ఇంటి బాధ్యతలు పనికి అడ్డమని ప్రభుత్వం అనుకుంటే ఉద్యోగం వదులుకోవాలి. వివాహితకు ఈ ఉద్యోగం హక్కు కాదని మరో నియమం. మగవాళ్ల ఊసే లేదు.

ఇంత పచ్చిగా రాసిపెట్టిన వివక్షని వేలెత్తి చూపించొచ్చు. వివాహితల నియామకం గురించిన నియమాన్ని 1973లో తీసేశారు. కానీ ఆ తర్వాత కూడా, అప్పటికే హంగరీలో రాయబారిగా పనిచేసిన ముత్తమ్మకి గ్రేడ్ 1 దక్కలేదు. ఈసారి అడ్డొచ్చింది పెళ్లి కాదు, మెరిట్. ఆమె సుప్రీంకోర్టుకెక్కారు. విచారణకి వచ్చేలోపే పదోన్నతి ఇచ్చేశారు! కొన్ని నెలల కిందట లేని ప్రతిభ ఎక్కణ్ణుంచి వచ్చిందో మరి.

1979 సెప్టెంబర్‌లో తీర్పు వచ్చింది. ఇంటి బాధ్యతలు మగవాడి పనికి మాత్రం అడ్డు రావా అని జస్టిస్ కృష్ణయ్యర్ నిలదీశారు. సర్వీసు నియమాలన్నిటినీ వివక్ష లేకుండా సరిచూడమన్నారు. మనం సభల్లో ఎప్పుడూ చెప్పుకునేది ఈ భాగమే. నేను ఆగిపోయింది మాత్రం చివర్లో. పదోన్నతి వచ్చేసింది కనుక పిటిషన్ కొట్టేశారు. ఆ మధ్యలో జూనియర్లు ముందుకెళ్లిపోవడం వల్ల పోయిన సీనియారిటీని పునఃపరిశీలించమని ప్రభుత్వానికే చెప్పారు. ఆమెని తూచిన తక్కెడ న్యాయంగా తూచిందా లేదా అన్నది తేలనే లేదు.

నా తక్కెడని నేను చూడాలనుకున్నాను. 2005 సమాచార హక్కు చట్టం కింద, పది రూపాయల రుసుము కట్టి, నా వార్షిక నివేదికల నకళ్లు, ఎంపిక కమిటీ వేసిన మార్కులు ఇవ్వమని అర్జీ పెట్టాను. ‘ఎందుకు మేడమ్ ఇవన్నీ, వచ్చే ఏడాది చూద్దాం లెండి’ అన్నాడు తీసుకున్న గుమాస్తా. రసీదు ఇచ్చేదాకా అక్కడే నిలబడ్డాను. ముప్ఫై రోజుల గడువులో ఇవాళ్టికి పన్నెండు రోజులయ్యాయి.